సూర్యలంక ఇసుకలో గులాబీ పూల తీగ: బాలబండి తీగా, అడవి తమ్మా?

ఇసుకతిన్నె: నిన్న సూర్యలంక బీచ్‌కి కాస్త ఎడంగా, జనం పెద్దగా తిరగని చోట ఈ తీగ కనిపించింది. దిబ్బంతా అల్లుకుపోయింది, పువ్వు గులాబీ రంగు. బాలబండి తీగే కదా? ఎండకి ఫోటో సరిగ్గా రాలేదు. బడి పిల్లలతో దిబ్బల మీద మన తీరపు తీగలే నాటించాలనుకుంటున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు: ఆకు ఒకటా, మూడా?

ఇసుకతిన్నె: చూడలేదండీ.

రిటైర్డ్_మాస్టారు: ఆకు చూడకుండా పేరెలా పెట్టేశారు? బాలబండికి కాడకి ఒకే ఆకు ఉంటుంది, కొసన చీలి మేక గిట్టలా కనిపిస్తుంది. తుంచితే పాలు కారతాయి. పువ్వు గరాటులా ఉంటుంది. అడవి తమ్మకి ఒక్కో కాడకి మూడేసి ఆకులు, పువ్వు అచ్చం చిక్కుడు పువ్వే. రెండూ గులాబీ రంగు పూలే పూస్తాయి. రంగు చూసి నాటిస్తే పిల్లలకి తప్పు నేర్పినట్టే.

కోనసీమ_కుర్రోడు: రావణాసురుడి మీసాలు కూడా నాటించండి.

రిటైర్డ్_మాస్టారు: అది గడ్డి. అడిగింది తీగ గురించి.

కోనసీమ_కుర్రోడు: సరే, తీగే చెప్తా. జాలీ తొడుగులో నారింజ రంగు పండు కాస్తుంది చూడండి, చిన్నప్పుడు తెగ తినేవాళ్ళం. మా నాయనమ్మ కాలం నుంచీ ఉంది. మనదే.

రిటైర్డ్_మాస్టారు: అది అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మీ నాయనమ్మగారు చూసినంత మాత్రాన మనదైపోదు.

కోనసీమ_కుర్రోడు: మరి బాలబండి గింజ సముద్రంలో తేలుతూ దేశాలన్నీ తిరుగుతుందిగా. దానికి పాస్‌పోర్ట్ ఎవరిచ్చారు?

రిటైర్డ్_మాస్టారు: తనంతట తాను రావడం వేరు, మనిషి తేవడం వేరు. ఇది కూడా చెప్పాలా?

వేటపాలెం_వాణి: మీరు ఆకులు లెక్కపెడుతూ ఉండండి. పోయినేడు మా ఇంటి ముందు దిబ్బ మీద తీగంతా చెత్త అని పీకి, జేసీబీతో చదును చేసి పోయారు. ‘బీచ్ క్లీనింగ్’ అట. అప్పట్నుంచి గాలి లేస్తే కంచంలో అన్నం కరకరలాడుతోంది. మూత తీసిన గిన్నె తీసినట్టే మూయాలి. బాలబండికి కణుపు కణుపుకీ వేరు దిగుతుంది, ఇసుకని పట్టేది అదే. పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ ఆ రోజు అడ్డం రాలేదు.

రిటైర్డ్_మాస్టారు: ఇసుక ఆగాలంటే సరుగుడు వేయించమనండమ్మా.

వేటపాలెం_వాణి: సరుగుడు కింద తీగ బతుకుతుందా మాస్టారూ? రాలిన ఆకు చాప పరిచినట్టు పడి ఉంటుంది, మొలక లేవదు. జనవరి దాటాక తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తే అలల దాకా సరుగుడు వేర్లే.

ఇసుకతిన్నె: అవును, సరుగుడు కూడా బయటి నుంచి తెచ్చిందేగా. ముందు దాన్ని కొట్టేసి మన తీగలు వేయాలి.

రిటైర్డ్_మాస్టారు: కొట్టేయాలా? మాది దివిసీమ. 1977 నవంబర్ 19 నాటికి నాకు పదకొండేళ్ళు. తాటిచెట్టుని కావలించుకుని తెల్లార్లూ ఉన్నాను, నా చేతుల మీద మా నాన్న చేతులు. తెల్లారాక చూస్తే ఊరు లేదు. ఉప్పెన తర్వాత తీరం పొడుగునా సరుగుడు నాటుతుంటే ఆ మొక్కలకి నేనూ నీళ్ళు పోశాను. మీకది పరాయి చెట్టు. నాకు కాదు. మీ బాలబండి ఆపుతుందా ఉప్పెనని?

కోనసీమ_కుర్రోడు: ఇందాక మా నాయనమ్మకి చెల్లని సాక్ష్యం మీకెలా చెల్లింది మాస్టారూ?

వేటపాలెం_వాణి: ఊరుకో తమ్ముడూ. మాస్టారూ, మీ తోపు జోలికి ఎవరూ రావడం లేదు. అలల వైపు మొదటి దిబ్బ తీగకి వదిలేసి, వెనక సరుగుడు ఉంచుకోమంటున్నా. అంతే.

రిటైర్డ్_మాస్టారు: కొట్టేయమన్నారు. పైన రాసి ఉంది, చదవండి.

ఇసుకతిన్నె: ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానండీ, తప్పైంది. ఈ పొద్దున మళ్ళీ వెళ్ళొచ్చా. ఆకులు మూడు. తుంచితే పాలు రాలేదు.

రిటైర్డ్_మాస్టారు: అడవి తమ్మ. కాయ ఉందా?