చలిలో, తడి రోడ్డు మీద బైక్ ముందు ఫోర్క్ (ముందు చక్రం షాక్ అబ్సార్బర్) గట్టిగా ఉంటోంది, ఏం మార్చాలి?

ఉండేది బెంగళూరు మారతహళ్లి. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి నంది హిల్స్‌కి బయలుదేరితే మొదటి పది కిలోమీటర్లు ప్రతి గతుకూ నేరుగా మణికట్టుకి తగులుతోంది, రోడ్డు తడిగా ఉంటే మలుపులో బ్రేక్ ముట్టుకోవాలన్నా భయం. ఎండెక్కాక అదే బండి మెత్తగా ఉంటుంది. ఫోర్క్ పైన కంప్రెషన్ (ఫోర్క్ కిందికి నొక్కుకునే వేగం), రీబౌండ్ (తిరిగి పైకి లేచే వేగం) సర్దే స్క్రూలు ఉన్నాయి, ఎప్పుడూ తిప్పలేదు.

జవాబు:
చలికి ఫోర్క్ ఆయిల్ చిక్కబడుతుంది బ్రో, అందుకే ఎండెక్కాక సర్దుకుంటోంది. కంప్రెషన్ స్క్రూని కుడివైపుకి, బలవంతం చేయకుండా, చివరిదాకా తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టి రాసుకోండి. మళ్లీ పాత చోటికి తెచ్చి, అక్కడి నుంచి కంప్రెషన్ రెండు క్లిక్కులు వదులు చేసి ఒక రౌండ్ వెళ్లి రండి, ఆ తర్వాతే రీబౌండ్. రెండూ ఒకేసారి తిప్పితే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. ఫోర్క్ రెండు గొట్టాలకీ విడివిడిగా అదే రకం స్క్రూ ఉంటే రెండింటినీ సమానంగా తిప్పాలి.

జవాబు:
ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాలో సర్దేది) జోలికి మాత్రం వెళ్లకండి, దానితో బండి ఎత్తు మారుతుంది గానీ స్ప్రింగ్ మెత్తబడదు. ముందుగా ఫోర్క్ గొట్టం మీద వేలు పెట్టి చూడండి. జిడ్డుగా తగిలితే సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం) పోయి ఉండొచ్చు. వానకాలం బురద సీల్‌ని కోసేస్తుంది, ఆ ఆయిల్ బ్రేక్ డిస్క్ మీదికి కారితే ప్రాణానికే ముప్పు అన్నా, దయచేసి వాయిదా వేయకండి.

అడిగినవారు:
కంప్రెషన్ రెండు క్లిక్కులు వదిలాను, గతుకులు బాగా తగ్గాయి. ఎడమ గొట్టం మీద సన్నటి జిడ్డు గీత కనిపించింది, రేపే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.