స్విఫ్ట్ డీజిల్‌కు సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేశాక ఐడిల్‌లో వణుకు, వేడి మీద స్టార్ట్ కావట్లేదు

ప్రశ్న, ఖమ్మం నుంచి:
అందరికీ నమస్కారం. మాది 2012 స్విఫ్ట్ డీజిల్. కూలెంట్ కారిపోయి హీటెక్కడంతో హెడ్, బ్లాక్ రెండూ పోయాయి. అదే 1.3 లీటర్ల ఇంజిన్ ఇంజెక్టర్లతో (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) సహా సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి వేయించాం. ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), వైరింగ్ మాత్రం మా పాతవే. పొద్దున స్టార్ట్ అవుతుంది కానీ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు) వణుకుతోంది, టకటకమని కొట్టుకుంటోంది, తెల్లపొగ వస్తోంది. వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ కావడానికి చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. స్కానర్‌లో పి0269 అనే లోపం కోడ్ వచ్చింది. నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలని మెకానిక్ అంటున్నారు. ఇంజిన్‌కే బోలెడు ఖర్చయింది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు, విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపుల పని చేసే సభ్యుడు:
బ్రదర్, అప్పుడే నాలుగూ కొనకండి. కొత్త ఇంజిన్‌తో వచ్చిన ఇంజెక్టర్ల కోడ్‌లు మీ ఈసీఎంలో ఎక్కించారా? చాలా చోట్ల ఈ పని వదిలేస్తారు.

ప్రతి ఇంజెక్టర్ తల మీద అక్షరాలు, అంకెలతో ఒక కోడ్ ఉంటుంది. తయారైనప్పుడే దాన్ని బెంచ్ మీద పెట్టి, ఉండాల్సిన దానికంటే డీజిల్ ఎంత ఎక్కువ, ఎంత తక్కువ పోస్తోందో కొలుస్తారు. ఆ తేడానే కోడ్‌గా వేస్తారు. బాష్ వాళ్లు దీన్ని ఐఎంఏ కోడ్ అంటారు. దాన్ని బట్టే ఈసీఎం ఒక్కో ఇంజెక్టర్‌ను ఎంతసేపు తెరవాలో సరిచూసుకుంటుంది. కోడ్‌లు ఎక్కించకపోతే మీ ఈసీఎం ఇంకా పాత ఇంజెక్టర్ల లెక్కతోనే నడుపుతున్నట్టు. వణుకు, టకటక అందువల్లే అయ్యుండొచ్చు.

పి0269 అంటే మూడో సిలిండర్ మిగతా వాటితో సమానంగా పని చేయట్లేదని అర్థం. దాని వైరు తెగి ఉంటే పి0203 వచ్చేది. కాబట్టి ముందే వైరింగ్ విప్పించకండి. తెల్లపొగ కళ్లు మండేలా డీజిల్ వాసన కొడితే అది కాలని డీజిల్. కూలెంట్ తగ్గుతుంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చెప్పండి.

వేడి మీద స్టార్ట్ కాకపోవడానికి రిటర్న్ టెస్ట్ చేయించండి. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు (మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లేవి) తీసి, ఒకే సైజు సీసాలు నాలుగు తగిలించి, కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడపాలి. ఒక సీసా మిగతా వాటికి రెండు మూడింతలు నిండితే ఆ ఇంజెక్టర్‌లో వాల్వు అరిగినట్టే. వేడికి డీజిల్ పలచబడి ఇంకా ఎక్కువ కారిపోతుంది, రైల్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందించే హై ప్రెషర్ గొట్టం) ప్రెషర్ నిలవదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు సుమారు 200 బార్ ప్రెషర్ రాకపోతే ఇలాంటి ఇంజిన్‌లు అంటుకోవు. స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి ఆ అంకె కూడా చూడమనండి.

ఒక ముఖ్యమైన విషయం. పాత డీజిల్ బండ్లలో ఇంజిన్ నడుస్తుండగానే పైపు నట్టు లూజు చేసి ఏ సిలిండర్ కొట్టట్లేదో చూసేవాళ్లం. మీది లాంటి కామన్ రైల్ ఇంజిన్‌లో ఆ పని అస్సలు చేయనివ్వకండి. ప్రెషర్ 1600 బార్ దాకా వెళ్తుంది. సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆపరేషన్ అవసరమవుతుంది.

హైదరాబాద్ నుంచి ఇంకొకరు:
ఇంజెక్టర్ రెసిస్టెన్స్ మల్టీమీటర్‌తో చూస్తే సరిపోదా? ఇంకో సంగతి, ఆ ఇంజిన్ ఏ బండిది? ఎర్టిగా డీజిల్‌లోనూ ఇదే 1248 సీసీ ఇంజిన్ ఉండేది, కానీ అది 90 పీఎస్ పవర్‌ది, టర్బో వేరు. స్విఫ్ట్‌ది 75 పీఎస్. ఇంజెక్టర్ల మీది పార్ట్ నంబర్ పాత వాటితో కలుస్తోందా?

ఆటోనగర్ సభ్యుడు:
పార్ట్ నంబర్ తప్పకుండా చూడాలి. రెసిస్టెన్స్ ఒక ఓమ్‌లోపే ఉంటుంది, మామూలు మీటర్ వైర్లే అంత చూపిస్తాయి. కాయిల్ తెగిందా లేదా అన్నది తప్ప దాంతో ఏమీ తేలదు.

ఖమ్మం నుంచి మళ్లీ:
అన్నా, ఇంజిన్ స్విఫ్ట్‌దే, పార్ట్ నంబర్లు కలిశాయి. కోడ్‌లు నిజంగానే ఎక్కించలేదు. ఎక్కించాక టకటక పోయింది, వణుకు చాలావరకు తగ్గింది. కూలెంట్ తగ్గట్లేదు. వేడి మీద మాత్రం అదే బాధ. రిటర్న్ టెస్ట్‌లో మూడోది నిండిపోయింది, మిగతా మూడూ సగానికి కూడా రాలేదు.

ఆటోనగర్ సభ్యుడు:
అయితే మూడోది ఒక్కటే తీసి టెస్ట్ బెంచ్ ఉన్న షాపుకు పంపండి. వాల్వు సెట్ మారిస్తే డీజిల్ పోసే లెక్క మారుతుంది. అందుకే కొత్త కోడ్ తీసి ఇచ్చే షాపే చూసుకోండి, ఆ కోడ్ మళ్లీ ఎక్కించాలి. బిగించేటప్పుడు ఇంజెక్టర్ కింద ఉండే కాపర్ వాషర్ కొత్తది వేయాలి. పాతది హెడ్ లోపలే అతుక్కుపోయి ఉంటుంది. చూడకుండా దాని మీదే ఇంకోటి వేస్తే ఇంజెక్టర్ పైకి లేచి నిలబడుతుంది, పక్కనుంచి గ్యాస్ తన్ని నల్లటి తారు పేరుకుంటుంది. సీటు శుభ్రం చేయించి, తెరిచిన పైపులకు మూతలు పెట్టించండి. రవ్వంత దుమ్ము లోపలికి పోయినా కొత్త వాల్వు పాడవుతుంది.

ఖమ్మం నుంచి:
మూడోది బాగు చేయించి, కొత్త కోడ్ ఎక్కించాం. ఇప్పుడు వేడి మీద కూడా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. పి0269 మళ్లీ రాలేదు. చాలా థ్యాంక్స్ అన్నా.

హైదరాబాద్ సభ్యుడు:
సంతోషం. ఇంజిన్ నంబర్ మారింది కాబట్టి ఆర్సీలో కూడా మార్పించండి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకు వస్తుంది. ఇంజిన్ కొన్న రసీదు దగ్గర పెట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లండి, ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకీ తెలియజేయండి.