ఇసుక తీరంలో గాలం వేయడానికి రాడ్, రీల్, దారం: మన కోస్తా అనుభవాలు (చర్చ)

గోదారిఒడ్డు, కాకినాడ

సభ్యులందరికీ నమస్కారం. కాలువల్లోనూ చెరువుల్లోనూ ఏడడుగుల రాడ్‌తో గాలం వేయడం నాకు చాలాకాలంగా అలవాటే గాని, సముద్రపు ఒడ్డున నిలబడి వేయడం మాత్రం కొత్త. ఉద్యోగం కాకినాడకు మారింది కనుక ఇకమీదట సెలవు రోజుల్లో ఉప్పాడకు, వీలు చిక్కినప్పుడు అంతర్వేదికి వెళ్లాలనుకుంటున్నాను. దుకాణంలో అడిగితే పద్నాలుగడుగుల రాడ్, ఉన్నవాటిలోకెల్లా పెద్ద రీల్ తీసుకొమ్మన్నారు. మన తీరానికి అంత సరంజామా నిజంగా అవసరమా? రాడ్, రీల్, దారం, ఈ మూడింటిలో ముందుగా దేనిని తేల్చుకోవాలి? నేను పెట్టగలిగింది పదివేల రూపాయలు.

గోస్తనీమొగ, భీమిలి

ముందుగా తేల్చుకోవలసింది ఆ మూడింటిలో లేదండి. మీరు నిలబడే చోట ఎరను కదలకుండా నిలపడానికి ఎంత సీసం కావాలో మొదట చూడండి. అది తెలిస్తే దానిని విసరగల రాడ్ ఏదో తెలుస్తుంది, ఆ విసురును తట్టుకునే దారం ఏదో తెలుస్తుంది, ఆ దారం చాలినంత పట్టే రీల్ చివరికి దానంతట అదే తేలుతుంది. దుకాణంలో ఈ క్రమం తలకిందులుగా నడుస్తుంది.

మా భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగకు దగ్గరగా, సముద్రం నెమ్మదిగా ఉండే జనవరి, ఫిబ్రవరి నెలల్లో 80 నుంచి 100 గ్రాముల సీసం చక్కగా నిలుస్తుంది. నైరుతి రుతుపవనాలు మొదలయ్యాక ఒడ్డు వెంట ఉత్తరానికి లాగే వడి పెరుగుతుంది. అప్పుడు అదే సీసం కాసేపట్లోనే పక్కకు దొర్లుకుంటూ ఒడ్డుకు వచ్చేస్తుంది కాబట్టి 150 గ్రాములకు తగ్గి లాభం లేదు. బరువు ఒక్కటే కాదు, ఆకారం కూడా ముఖ్యం. గుండ్రటి సీసం ఇసుక మీద దొర్లుతుంది, పిరమిడ్ ఆకారంలోనిది కూరుకుని నిలుస్తుంది, తీగకాళ్లు ఉన్నది అంతకన్నా గట్టిగా పట్టుకుంటుంది.

ఇక రాడ్ సంగతి. దాని మీద 100–200 గ్రాములు అని రాసి ఉంటే, 200 గ్రాముల సీసం నిశ్చింతగా వేయవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ లెక్కలో ఎర బరువు కూడా చేరుతుందన్న సంగతి మరచిపోకూడదు. 150 గ్రాముల సీసానికి ఒక మంచి కవళ్ల చేప ముక్క, గాలాలు, ముడులు కలిస్తే ఆ రాడ్‌కు అదే నిండు బరువు. రాసిన అంకెలకు నడిమి బరువు దగ్గరే రాడ్ సరిగ్గా వంగి సరిగ్గా విసురుతుంది. ఒకే ఒక రాడ్ కొనుక్కునేవారికి 100–200 గ్రాములు విసిరే పన్నెండడుగులది, అంటే 3.6 మీటర్లది, మన తీరానికి తగినదని నా గట్టి అభిప్రాయం. పద్నాలుగడుగుల రాడ్‌ను పూర్తిగా వంచడానికి బలం కన్నా సాధన ఎక్కువ కావాలి. ఆ సాధన లేనంతకాలం పన్నెండడుగులదే ఎక్కువ దూరం వేస్తుంది.

సూర్యలంకవేకువ, బాపట్ల

గోస్తనీమొగ గారు చెప్పిన క్రమంతో నాకూ ఏకీభావమే. అయితే విశాఖ వైపు తీరం ఒడ్డు నుంచి తొందరగానే లోతు అందుకుంటుంది, మా వైపు నేల చాలా దూరం వరకు మెల్లగా వాలుతుంది. సూర్యలంకలో కెరటం దూరంగా విరిగి, నురుగై మన కాళ్ల దాకా వస్తుంది. దారం ఆ నురుగులో పడితే ప్రతి కెరటమూ దానిని లాగుతుంది, ఎర నిలవదు. దారాన్ని కెరటాల పైకి ఎత్తి పట్టుకోవాలంటే ఇక్కడ పదమూడడుగుల రాడ్ మేలు చేస్తుంది. పొడవు వలన కలిగే అసలు ప్రయోజనం ఇదే. దూరం దాని తరువాతి మాట.

ఆ దూరం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొత్తవారు నూరు మీటర్లు దాటించాలన్న తపనతో రాడ్‌ను ఎంచుకుంటారు. గొరకలు, జెల్లలు, కొన్ని వేళల్లో మాగ కూడా, ఒడ్డుకూ నీటి అడుగునున్న మొదటి ఇసుక మెరకకూ నడుమ ఉండే లోతైన చాలులోనే మేత వెతుక్కుంటూ తిరుగుతాయి. అది చాలాచోట్ల ముప్పై, యాభై మీటర్ల లోపే ఉంటుంది. పాటు పూర్తిగా తీసి నీరు వెనక్కి తగ్గిన వేళ ఒడ్డు వెంట నడిచి, మెరక ఎక్కడుందో, చాలు ఎక్కడ తెగి సముద్రంలోకి దారి ఇస్తోందో చూసి గుర్తుపెట్టుకుని, పోటు ఎక్కేటప్పుడు అక్కడ గాలం వేసేవారికి ఖరీదైన రాడ్‌తో పని ఉండదు. అమావాస్యకూ పౌర్ణమికీ దగ్గరి రోజుల్లో ఆటుపోట్ల తేడా ఎక్కువ కనుక ఈ పరిశీలన ఇంకా తేలిక.

ఉప్పుటేరు, ఉప్పాడ

గోదారిఒడ్డు గారు మా ఊరికి వస్తానంటున్నారు కాబట్టి దారం గురించి నేను చెప్పడం సబబు. ఉప్పాడ తీరాన్ని సముద్రం కోసివేస్తోందన్న సంగతి అందరికీ తెలిసిందే. కోత ఆపడానికి వేసిన బండరాళ్లు రోడ్డు పక్కన చాలా దూరం ఉన్నాయి. సన్నటి పోగులతో అల్లిన దారం, అంటే అల్లిక దారం, ఆ రాళ్ల అంచుకు ఒక్కసారి ఒరుసుకుంటే తెగుతుంది. నైలాన్ దారమైతే గీరుకుపోయినా కొంత ఓర్చుకుంటుంది, సాగుతుంది కనుక చేప ఒక్కసారిగా లాగినప్పుడు గాలం ఊడదు, ధర కూడా తక్కువ. 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల నైలాన్ దారంతో మొదలుపెట్టండి. ఎండకూ ఉప్పుకూ నైలాన్ బలం తగ్గిపోతుంది కాబట్టి ఏడాది దాటాక దానిని నమ్ముకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందుదారం. సీసం విసిరే క్షణంలో దారం మీద పడే బరువు, చేప లాగినప్పుడు పడేదానికన్నా ఎక్కువ. అప్పుడు దారం తెగితే సీసం ఎటు ఎగురుతుందో చెప్పలేము, ఒడ్డున పిల్లలు ఉంటారు. అందుకే రీల్‌లోని దారానికి చివర మందపాటి నైలాన్ దారం ముడివేయాలి. ఒక ఔన్సు సీసానికి, అంటే 28 గ్రాములకు, పది పౌండ్ల బలం అన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. 100 గ్రాముల సీసానికి 16 కిలోలకు తగ్గని ముందుదారం కావాలి, 150 గ్రాములకు దాదాపు 25 కిలోలది కావాలి. పొడవు రాడ్‌కు కనీసం రెండింతలు ఉంటే, విసిరే ముందు రీల్ మీద ఐదారు చుట్లు ముందుదారమే ఉంటుంది. దీనిని ఎవరూ తేలికగా తీసుకోవద్దని చేతులెత్తి కోరుతున్నాను.

గోస్తనీమొగ, భీమిలి

ముందుదారం విషయంలో రెండో మాట లేదు. రాళ్లున్న చోట నైలాన్ అన్నదీ ఒప్పుకుంటాను. ఇసుక మాత్రమే ఉన్న చోట అల్లిక దారాన్ని ఇంత సులువుగా పక్కన పెట్టడం న్యాయం కాదనిపిస్తోంది. అల్లిక దారాల డబ్బాల మీద దారం మందాన్ని తెలిపే పీఈ అన్న అంకె ఉంటుంది. పీఈ 2 అంటే సుమారు 0.23 మిల్లీమీటర్ల మందం. దాని బలం 0.40 మిల్లీమీటర్ల నైలాన్‌కు తీసిపోదు, పైగా సన్నం కనుక నీటి వడి దానిని అంతగా లాగలేదు. నైలాన్‌తో 150 గ్రాములు అవసరమైన రోజున అల్లిక దారంతో 120 గ్రాములు నిలవడం నేను ఎన్నోసార్లు చూశాను. సాగదు కనుక గొరక ఎరను ముట్టిన సంగతి కూడా రాడ్ కొసన తెలుస్తుంది.

జాగ్రత్తలు మాత్రం కొన్ని ఉన్నాయి. రీల్ అడుగున కొద్దిగా నైలాన్ చుట్టి దానిపై అల్లిక దారం చుట్టకపోతే మొత్తం కట్టే జారుతుంది. చుట్టేటప్పుడు తడిగుడ్డతో పట్టి బిగువుగా చుట్టాలి. వదులుగా ఉంటే విసిరినప్పుడు ఉండలు ఉండలుగా బయటికి వస్తుంది. విసిరే చూపుడువేలికి తోలు తొడుగు తప్పనిసరి. అడుగున చిక్కుకున్నప్పుడు చేతికి చుట్టుకుని లాగితే చర్మం లోతుగా తెగుతుంది, కర్ర ముక్కకు చుట్టి లాగాలి. ముందుదారానికి ముడి వేయడానికి ఎఫ్‌జీ ముడి అన్నిటికన్నా సన్ననిది, అది వేయడం కష్టమనిపిస్తే ఆల్‌బ్రైట్ ముడి చాలు.

గోదారిఒడ్డు, కాకినాడ

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాళ్ల దృష్ట్యా నేను నైలాన్‌తోనే మొదలుపెడతాను. రీల్ మీద 5000, 8000, 10000 అని అంకెలు కనిపిస్తున్నాయి. బేరింగుల సంఖ్య చూసి ఎంచుకోవాలని ఒకరు చెప్పారు. అది నిజమేనా?

కళింగతీరం, శ్రీకాకుళం

బేరింగుల సంఖ్యకు మా కళింగపట్నంలాంటి చోట విలువ లేదు. ఉప్పుగాలికి పాడయ్యేవి ముందుగా అవే. మంచి బేరింగులు నాలుగు ఉన్న రీల్, నాసిరకం బేరింగులు పది ఉన్నదానికన్నా ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఆ 5000, 8000 అంకెలు కూడా కంపెనీని బట్టి మారుతుంటాయి. ఒకరి 6000, మరొకరి 8000 పక్కపక్కన పెడితే ఒకే పరిమాణంలో ఉండవచ్చు. కాబట్టి రీల్ మీద రాసి ఉండే దారం కొలత చూడండి. 0.40 మిల్లీమీటర్ల దారం 250 మీటర్లు పట్టే స్పిన్నింగ్ రీల్ మన ఒడ్డు వేటకు అన్నివిధాలా చాలు. అంతకన్నా పెద్దది బరువు తప్ప మరేమీ ఇవ్వదు, పన్నెండడుగుల రాడ్‌కు తగిలించి గంటల తరబడి నిలబడినప్పుడు ఆ బరువు భుజానికి తెలుస్తుంది.

రీల్‌లో దారం చుట్టుకునే స్పూల్ వెడల్పుగా, పైకి పోనుపోను సన్నబడేదిగా ఉంటే దారం తేలికగా జారి దూరం పోతుంది. అంచుకు రెండు మిల్లీమీటర్ల దిగువ వరకు దారం నింపాలి. సగం ఖాళీగా ఉన్న స్పూల్‌తో ఎంత మంచి రాడ్ అయినా దూరం వేయలేదు. చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని కొంచెం కొంచెంగా వదిలే బిగింపు డ్రాగ్. దానిని దారం బలంలో నాలుగో వంతుకు బిగించండి. 10 కిలోల దారానికి రెండున్నర కిలోలు. టేకు చేప అడుగుకు అతుక్కుని లాగితే, పార చేప ఒక్క ఊపున పరుగెత్తితే, ఈ నాలుగో వంతే మీ దారాన్ని కాపాడుతుంది.

ఇంటికి వచ్చాక డ్రాగ్ పూర్తిగా బిగించి, సన్నటి మంచినీటి ధార కింద కడిగి, తుడిచి, ఆరబెట్టి, ఆ తరువాత డ్రాగ్ వదులు చేయండి. బకెట్లో ముంచకూడదు, గట్టి ధారతో కొట్టకూడదు. రెండూ ఉప్పును లోపలికే నెడతాయి. ఇసుక మీద రీల్ ఎప్పుడూ పెట్టవద్దు. మీటరు పొడవు పీవీసీ గొట్టాన్ని ఒక కొస ఏటవాలుగా కోసి ఇసుకలో దిగవేస్తే చక్కని ఆధారం దొరుకుతుంది, ఖర్చు కూడా స్వల్పం.

బ్రిస్బేన్‌వాసి

నేను నెల్లూరు జిల్లావాడిని, ఇప్పుడు ఉండేది ఆస్ట్రేలియాలో. ఇక్కడి ఇసుక తీరాల్లో ఆల్వే అనే రీల్ ఎక్కువగా కనిపిస్తుంది. 1920లో ఈ నగరంలోనే మొదలైన కంపెనీ అది. పెద్ద చక్రంలాంటి స్పూల్‌ను విసిరేటప్పుడు పక్కకు తిప్పి, చుట్టేటప్పుడు మళ్లీ నిలువుగా తిప్పుకుంటారు. దారం చుట్టడానికి పళ్లచక్రాలు లేవు కనుక ఇసుక పడినా ఉప్పునీరు తగిలినా కడిగేస్తే సరిపోతుంది. దారం మెలి పడుతుంది కాబట్టి ఆ మెలిని విడదీసే తిరుగుడు కొలికి, అంటే స్వివెల్, తప్పక వాడాలి, చేప మీదికి పరుగెత్తి వస్తే అంత వేగంగా చుట్టలేము. మన దగ్గర విడిభాగాలు దొరకవు కనుక దానిని కొనమని చెప్పను గాని, సముద్రపు ఒడ్డున రీల్‌కు ఎంత తక్కువ యంత్రాంగం ఉంటే అంత మంచిదన్న నమ్మకం నాకు దానితోనే కలిగింది.

సూర్యలంకవేకువ, బాపట్ల

రాడ్ కొనేటప్పుడు చూడవలసిన మరికొన్ని ఉన్నాయి. ఒకదానిలోకి ఒకటి దూరే టెలిస్కోపిక్ రాడ్ బస్సులో తీసుకువెళ్లడానికి వీలుగా ఉంటుంది, కాని దాని కీళ్లలో ఇసుక చేరి బిగుసుకుపోతుంది. రెండు ముక్కల రాడ్ ఒక్కో ముక్క ఆరడుగులు. రైలులో కష్టమనుకుంటే మూడు ముక్కలది తీసుకోండి. రాడ్ మీద దారం దూరే వలయాల్లోని పింగాణీ పొరను దూది ముక్కతో తుడిచి చూడండి, దూది పోగులు చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్లే. కార్బన్ రాడ్ విద్యుత్తును పట్టే వస్తువు కనుక ఉరుము వినబడగానే దానిని దించి ఒడ్డు వదిలి రావాలి, వేసవి సాయంత్రాల్లో మబ్బులు ఎంత తొందరగా కమ్ముతాయో మీకు తెలుసు.

ఉప్పుటేరు, ఉప్పాడ

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం యాంత్రిక, మోటారు పడవలకు సంబంధించినది. ఆ రోజుల్లో ఒడ్డున అలివి వల లాగే మత్స్యకారులు కనిపిస్తే వారికి చాలా ఎడంగా వెళ్లి గాలం వేయండి. వారికి అది బతుకుతెరువు. తెగిన దారం ముక్కలను ఇసుకలో వదలవద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కాళ్లకు అవి చుట్టుకుంటాయి.

గోదారిఒడ్డు, కాకినాడ

మీ అందరి మాట ప్రకారం 100–200 గ్రాములు విసిరే పన్నెండడుగుల మూడు ముక్కల రాడ్, 0.40 మిల్లీమీటర్ల దారం 250 మీటర్లు పట్టే రీల్, నైలాన్ దారం, 25 కిలోల ముందుదారం, 100 గ్రాములవీ 150 గ్రాములవీ పిరమిడ్ సీసపు బరువులు తీసుకుంటున్నాను. పదివేలలో రాడ్‌కు ఎంత, రీల్‌కు ఎంత పెట్టమంటారు?

కళింగతీరం, శ్రీకాకుళం

నాలుగువేలు రాడ్‌కు, నాలుగున్నరవేలు రీల్‌కు కేటాయించండి, మిగిలినది దారానికీ సీసపు బరువులకూ. అందులోనే ముక్కుపట్టకారు ఒకటి కొనండి. మీ గాలానికి ముందుగా పడేది బహుశా జెల్ల. దాని వీపు ముల్లులోనూ పక్క ముళ్లలోనూ విషం ఉంటుంది కాబట్టి గాలాన్ని చేత్తో తీయకండి.