కొలవని బీపీని చార్టులో వేయమంటే నర్సింగ్ స్టూడెంట్ ఏం చేయాలి?

ప్రశ్న (బీఎస్సీ నర్సింగ్, రెండో ఏడు)
మెడికల్ వార్డులో 30 మంచాలు, ఇద్దరు స్టూడెంట్లు, ఒకే బీపీ ఆపరేటస్. పదింటి వైటల్స్ (బీపీ, నాడి, శ్వాస, టెంపరేచర్) సగం మందికే పూర్తవుతాయి. డాక్టర్ల రౌండ్స్‌కి చార్టులో గడులు ఖాళీగా ఉండకూడదు, పొద్దుటి రీడింగ్ చూసి దగ్గరగా వేసెయ్యమంటారు సిస్టర్. కాదంటే ఇంటర్నల్ మార్కుల భయం. ఏం చేయాలి? ఇదివరకే వేసేసినవాటి సంగతేంటి?

క్లినికల్ ట్యూటర్
వేయకండమ్మా. పొద్దున 130/80 ఉన్నాయనకి పదింటికి 128/80 అని మీరు వేశారనుకోండి. అప్పటికి అసలు బీపీ 90/60కి పడిపోయి ఉండొచ్చు. డాక్టరుగారు చార్టు చూసి బీపీ తగ్గించే ఆమ్లోడిపిన్ కంటిన్యూ అంటారు, సిస్టర్ మాత్ర ఇచ్చేస్తారు. ఆ మాత్ర పడింది మీరు ఊహించి వేసిన అంకెను నమ్మి.

గడి ఊరికే ఖాళీగానూ వదలొద్దు. "10:00 – చూడలేదు, రోగి ఎక్స్‌రేకి వెళ్లారు" అని కారణం రాయండి. 10:40కి తీస్తే 10:40 అనే రాయాలి. దాన్ని పదింటి గడిలో వేస్తే, మధ్యలో 10:15కి ఇచ్చిన ఇంజెక్షన్‌కి ముందు రీడింగో తర్వాతదో ఎవరికీ తెలియదు.

సిస్టర్‌తో వాదన పెట్టుకోనక్కర్లేదు. "సిస్టర్, 14 మందికి అయింది, మిగతావాళ్లలో ముందు ఎవరికి చూడమంటారు?" అని అడగండి. రక్తం ఎక్కుతున్నవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, బీపీ మాత్ర పడాల్సినవాళ్లు ముందు. అయినా వేసెయ్యమంటే ఆ రోజే మీ ట్యూటర్‌కి చెప్పండి. మార్కుల బెదురు కూడా అక్కడే చెప్పాలి.

ఐసీయూ స్టాఫ్ నర్స్
బీపీ కన్నా ఎక్కువగా ఊహించి వేసేది శ్వాస. చార్టు నిండా వరసగా 20, 20, 20. రోగి దిగజారుతుంటే చాలాసార్లు బీపీ పడకముందే శ్వాస వేగం పెరుగుతుంది, ఆ గుర్తే చార్టులో లేకుండా పోతుంది. నాడి చూసిన చెయ్యి అలాగే పట్టుకుని, లెక్కపెడుతున్నట్టు రోగికి తెలియకుండా, ఛాతీ కదలికను 60 సెకన్లు నిండా లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే, ఒక్క శ్వాస పొరపాటు నాలుగైపోతుంది.

హడావుడిలో బీపీ కూడా తప్పొస్తుంది. కఫ్‌లో (చేతికి చుట్టే పట్టీలో) గాలి సెకనుకి 2–3 మిల్లీమీటర్ల చొప్పున దిగాలి. ఒక్కసారి వదిలేస్తే పై అంకె తక్కువగా, కింది అంకె ఎక్కువగా వస్తాయి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని హైబీపీ కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు
థాంక్స్ మేడమ్. వేసేసినవి వైట్‌నర్‌తో చెరిపి మళ్లీ రాయొచ్చా?

క్లినికల్ ట్యూటర్
వద్దు. వైట్‌నర్ పూయకూడదు, పేజీ చింపకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు. ముందు ఇన్‌ఛార్జి సిస్టర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆమె ఎదుటే, వేసిన అంకె కనిపించేలా దాని మీద ఒకే గీత కొట్టి, "రీడింగ్ తీయలేదు" అని రాసి, తేదీ, టైము, సంతకం పెట్టండి. వెంటనే రోగి దగ్గరికెళ్లి అసలు రీడింగ్ తీసి ఇప్పటి టైముతో కొత్తగా రాయండి. పాత టైముకి ఇంకో ఊహ వేయొద్దు. ఆ అంకె చూసి మందు ఇచ్చి ఉంటే మాత్రం గీత సంగతి తర్వాత, ముందు డ్యూటీ డాక్టరుకి చెప్పాలి.

ఇంకోటి, ఇదంతా అడగడానికి చార్టు ఫొటో తీసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. దాని మీద రోగి పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, జబ్బు అన్నీ ఉంటాయి.