సమస్య: ఏడు పదికి మించి యెదిగెఁ జూడు

ఇచ్చినవారు: లెక్కల టీచర్, హనుమకొండ

ఛందస్సు ఆటవెలది. పైది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీవి. పదో తరగతి పిల్లలు సంభావ్యత సూత్రం గడగడా అప్పజెబుతారు. కానీ దేన్ని లెక్కపెడుతున్నామో నిలబడి చూడరు. ఆ చూపు కోసమే ఈ సమస్య ఇస్తున్నాను. ఏడు పదిని ఎక్కడ, ఎందుకు మించిందో పద్యంలోనే తేలాలి.

పూరణ 1 (నర్సంపేట)

పాచికలను విసిరి పరికింపుమో యన్న!
ఏడు వచ్చు దారు లెన్న నారు;
పదికి మూడె కాక పైనొక్కటియు లేదు;
ఏడు పదికి మించి యెదిగెఁ జూడు.

హనుమకొండ: నడక హాయిగా ఉంది తమ్మీ, యతులు కూడా కుదిరాయి. కానీ పాచికలు ఎన్నో చెప్పలేదు. మూడు వేస్తే కథ తిరగబడుతుంది. మొత్తం 216 రకాల్లో ఏడు 15 రకాలుగా పడితే, పది 27 రకాలుగా పడుతుంది. మూడు పాచికల ఆటలో తొమ్మిది కంటే పది ఎందుకు ఎక్కువ పడుతోందని జూదరులకు వచ్చిన అనుమానాన్ని గెలీలియో ఇలా లెక్కగట్టే తీర్చాడు. తొమ్మిదికి 25, పదికి 27. కాబట్టి 'రెండు' అన్నది పద్యంలో ఉండి తీరాలి. మొదటి పాదం ఇలా మార్చి చూడు:

జంట పాచికలను జారవిడువు మన్న!

జనగామ (ఇంటర్ విద్యార్థిని): సార్, నాకొక డౌట్. పదికి 4-6, 5-5 అని రెండే దారులు కదా? ఏడుకి 1-6, 2-5, 3-4 అని మూడు. మరి ఆరు, మూడు ఎక్కడి నుంచి వచ్చాయి?

హనుమకొండ: మంచి ప్రశ్న అమ్మా, క్లాసులో సగం మంది ఇక్కడే ఆగిపోతారు. ఒక పాచికకు ఎర్ర రంగు పూయి, రెండోది తెల్లగానే ఉండనీ. ఎర్రది 4, తెల్లది 6 పడటం ఒక సంగతి. ఎర్రది 6, తెల్లది 4 పడటం ఇంకో సంగతి. 5-5 మాత్రం ఎటు తిప్పినా ఒక్కటే, రెండూ అయిదే చూపించాలి. అందుకే పదికి మూడు. ఏడుకి జోడీ అంకెలు ఎప్పుడూ ఒకటి కావు, మూడు జతలూ తిరగబడి ఆరవుతాయి. మొత్తం 6 × 6 = 36. ఏడు పడే సంభావ్యత 6/36, అంటే 1/6. పదికి 3/36, అంటే 1/12. సరిగ్గా రెట్టింపు.

నువ్వు చెప్పినట్టు రంగు చూడకుండా లెక్కపెడితే మొత్తం 21 జతలు వస్తాయి. లెక్క తప్పు కాదు, కానీ ఆ 21 సమానంగా పడవు. 4-6 పడే అవకాశం 5-5కి రెట్టింపు. సమానం కానివాటిని పక్కపక్కన పెట్టి భాగిస్తే వచ్చేది సంభావ్యత కాదు. నమ్మకం కుదరకపోతే రెండు పాచికలు వేస్తూ నోట్‌బుక్‌లో గీతలు గీస్తూ పో, నీకే తెలుస్తుంది.

జనగామ: రంగు పూస్తే అర్థమైంది సార్. పూయకపోయినా పాచికలు రెండే కదా, వాటికి తెలుసు.

హనుమకొండ: అంతే! రంగు మన కంటి కోసం.

పూరణ 2 (హనుమకొండ, సంగీతం నేర్పే అక్క)

సరిగమపదనులను సవరించి పేర్చిన
వరుస లైదువేల పైఁబడునఁట;
పదిట నాల్గు దీసి పఱచిన నంతయా?
ఏడు పదికి మించి యెదిగెఁ జూడు.

హనుమకొండ: అక్కా, ఎత్తుగడ నాకు ఎంతో నచ్చింది. 'సరిగమపదనులను' మూడు నగణాలుగా, అంటే మూడేసి లఘువుల గుంపులుగా ఒదిగిపోయింది. కానీ మూడో పాదంలోని 'అంతయా' అన్న ప్రశ్నకు జవాబు 'అవును, అంతే'! పది అంకెల్లోంచి నాలుగు తీసి, ఏదీ మళ్లీ రాకుండా వరుసగా పేరిస్తే 10 × 9 × 8 × 7 = 5040. ఏడు స్వరాల వరుసలు 7 × 6 × 5 × 4 × 3 × 2 × 1, అవీ 5040. 10 × 9 × 8 అంటే 720, 6 × 5 × 4 × 3 × 2 × 1 కూడా 720. రెండు వైపులా మిగిలింది ఆ ఏడే. సమానమైతే 'మించి' నిలవదు. 'నాల్గు' తీసి 'మూడు' పెట్టండి, గణం చెడదు. అప్పుడు పది వైపు 720, ఏడు వైపు 5040.

పూరణ 3 (పరకాల)

జమ్మి చేతఁ బట్టి సఖు లేడుగురు గూడ
నిరువదొక్క మారు లెదలు గలిసె;
పదుగు రొక్క పెద్ద పాదాలె తాకిరి;
ఏడు పదికి మించి యెదిగెఁ జూడు.

నర్సంపేట: అన్నా, దసరా నాటి అలయ్ బలయ్ కళ్లకు కట్టింది! కానీ పదిమందీ కౌగిలించుకుంటే 45 అవుతుంది కదా?

హనుమకొండ: అవుతుంది. అందుకే ఆ పదిమంది పెద్దాయన కాళ్లు మాత్రమే తాకారని కవి ముందే కట్టడి చేశారు, 'పాదాలె'లో ఆ ఎత్వం చేసిన పని అది. ఏడుగురిలో ఒక్కొక్కరికి ఆరుగురు, 7 × 6 = 42. నేను నిన్ను హత్తుకున్నా, నువ్వు నన్ను హత్తుకున్నా కౌగిలి ఒక్కటే కాబట్టి సగం, 21. పాచికల్లో 4-6, 6-4 వేరు. ఇక్కడ ఇద్దరి క్రమం మారినా ఒకటే. ఈ తేడా పట్టుకున్న పిల్లలకు ఇంటర్‌లో ప్రస్తారాలు (క్రమం లెక్కకొచ్చేవి), సంయోగాలు (క్రమం లెక్కకు రానివి) అంటే టెన్షన్ ఉండదు. ఈసారి నా మెచ్చుకోలు ఈ పద్యానికే.

పాలకుర్తి (తెలుగు పండితులు): మీ 36 ఆటవెలదిలోనే ఉంది సార్. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. బేసి పాదం చివర రెండు ఇంద్రగణాలు, అంటే జంట పాచికలే. వాటి ముందు మూడు సూర్యగణాలు, ఒక్కోదానికి న, హ అని రెండు దారులు. 8 × 36 = 288. సరి పాదంలో అయిదూ సూర్యగణాలే, 32. నాలుగు పాదాలకు 288 × 32 × 288 × 32, మొత్తం 8,49,34,656 నడకలు. మా ఊరి సోమనాథుడు చేపట్టిన ద్విపదలో పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, 432.

హనుమకొండ: పండితులవారూ, ఇది రేపే బోర్డు మీద రాస్తాను. వచ్చే వారం సమస్య కూడా ఆటవెలదే: 'మూడు కన్న రెండె ముందు నిలిచె'. ఒక వైపు అరగదీసిన చింతగింజలు నాలుగు తీసుకోండి. రెండు వైపులూ సమానంగా పడతాయన్న షరతు పద్యంలో ఉండాలి. గవ్వలతో రాస్తే ఒప్పుకోను, గవ్వ బోర్లా పడటం, వెల్లకిలా పడటం సమానం కావు.