వినబడని స్టూడెంట్ ఉన్న డిజైన్ క్లాసులో క్రిటిక్ ఎలా నడపాలి?

డిజైన్ కాలేజీలో ఫస్టియర్ వాళ్లకి చెప్తాను. ఈసారి వినబడని అమ్మాయి ఒకరు చేరింది, స్కెచింగ్ అదరగొడుతుంది, కానీ క్రిటిక్ రోజు (ఒకరి పనిని అందరూ చూసి బాగోగులు చెప్పే రోజు) అందరూ గోడకి పెట్టిన షీట్ల వైపు తిరిగి ఒకేసారి మాట్లాడేస్తారు, మరి తను ఎవరి మొహం చూడాలి, ఇంటర్‌ప్రెటర్‌నా, షీట్‌నా? వాషింగ్టన్‌లోని గాలాడెట్ అనే వినబడనివాళ్ల యూనివర్సిటీ 2005లో మొదలుపెట్టిన డెఫ్‌స్పేస్ (వినబడనివాళ్లకి అనువుగా గదులు, భవనాలు డిజైన్ చేసే పద్ధతి) గురించి చదివి కుర్చీలు అర్ధవృత్తంలో వేయించాను, మాట్లాడేవాళ్ల వెనక కిటికీ లేకుండా చూశాను (వెనక వెలుతురుంటే మొహం నల్లగా కనబడి పెదాల కదలిక తెలీదు). కొంత నయం.

అసలు చిక్కు లైవ్ క్యాప్షన్లతో. మన తెలుగు, ఇంగ్లీషు కలగలుపు మాటల్ని కంగాళీ చేస్తున్నాయి. కెర్నింగ్ (అక్షరాల మధ్య ఎడం సర్దడం), కాంపొజిషన్ లాంటి వాటికి ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌లో ఏ సైగలు వాడుతున్నారు, లేక వేళ్లతో స్పెల్లింగేనా? వినబడని డిజైనర్లు ఎవరైనా ఉంటే, చదువుకునేటప్పుడు మీకేది పనికొచ్చిందో చెప్పండి ప్లీజ్.