ఆఫ్రికా సవన్నాల్లో చెట్లు నాటడం మేలా, కీడా?

తుమ్మకొమ్మ: 2030 కల్లా 10 కోట్ల హెక్టార్ల భూమిని పునరుద్ధరిస్తామని ఆఫ్రికా దేశాలు 2015లో ఏఎఫ్‌ఆర్100 అనే ఉమ్మడి కార్యక్రమం మొదలుపెట్టాయి. అందులో సవన్నాలూ, అంటే అక్కడక్కడా చెట్లున్న గడ్డి మైదానాలూ, ఉన్నాయి. అక్కడ చెట్లు నాటొద్దని కొందరు శాస్త్రవేత్తల గోల. ఎండకు మాడే నేలలో నాలుగు చెట్లొస్తే ఎవరి సొమ్ము పోయింది?

పచ్చికబయలు: గడ్డి సొమ్ము పోతుంది. సవన్నాని నరికేసిన అడవి అనుకోవడంలోనే ఉంది తిరకాసంతా. అక్కడి సీ4 గడ్డి జాతులు (ఎండలో, వేడిలో బాగా పెరిగే రకం) 60–80 లక్షల ఏళ్ల కిందటే విస్తరించాయి. గొడ్డలి పట్టే మనిషి అప్పటికి పుట్టనేలేదు. వాటికి నిండా ఎండ కావాలి, నీడ ముసిరితే చస్తాయి. ఆ గడ్డి మీదే జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు, వాటి మీద సింహాలు.

వానకోయిల: వాన చాలక కదా అక్కడ చెట్లు లేనిది?

పచ్చికబయలు: అన్నిచోట్లా కాదండీ. పర్యావరణ శాస్త్రవేత్త మహేశ్ శంకరన్ బృందం 2005లో ఆఫ్రికా అంతటి లెక్కలు తీసి చూపించింది. ఏడాదికి సుమారు 650 మి.మీ. లోపు పడేచోటే చెట్లకు వాన హద్దు. అంతకు మించితే అడవి కమ్ముకునేంత నీళ్లుంటాయి. కమ్మనివ్వనివి మంటలు, మేసే జంతువులు. టాంజానియాలోని సెరెంగెటి మైదానాల దక్షిణాన ఇంకో చిక్కు: అగ్నిపర్వతాల బూడిద పడిన నేల, కింద గట్టి పొర, వేరు దిగదు. ఎన్ని నీళ్లు పోసి ఏం లాభం?

తుమ్మకొమ్మ: అదే సెరెంగెటిలో చెట్లు వాటంతటవే పెరిగాయి, అది చెప్పరేం? పశువుల నుంచి వైల్డ్‌బీస్ట్‌లకూ అంటే రిండర్‌పెస్ట్ రోగాన్ని, పశువులకు టీకాలేసి అణిచాక, 1960ల మొదట్లో రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్ట్‌లు 70ల చివరికి 13 లక్షలు దాటాయి. గడ్డి మేసేశాయి, మంటలు తగ్గాయి, చెట్లు లేచాయి. గాల్లోని కార్బన్ కూడా వాటిలో నిలిచింది.

పచ్చికబయలు: పాయింటే. కానీ ఆ చెట్లను ఎవరూ నాటలేదు! మంద పెరిగితే వచ్చాయి, అవీ అక్కడి తుమ్మలే. నా గొడవంతా పైన్, యూకలిప్టస్ వరసలతో. సవన్నా కార్బన్‌లో పెద్ద వాటా మట్టిలో, వేళ్లలో ఉంటుంది, మంటకు అందదు. పైన్ తోట అంటుకుంటే దాచిందంతా గాల్లోకే.

వానకోయిల: మన రోళ్లపాడు అభయారణ్యం పేరు చెప్పగానే గుర్తొచ్చే బట్టమేకపిట్టకీ కావలసింది గడ్డి మైదానమే, అడవి కాదు. ఇక్కడ కూడా బీడు కనబడితే చాలు, మొక్క నాటేయాలంటారు.

తుమ్మకొమ్మ: సరే, కాంగో పరీవాహకంలో నిజంగా నరికేసిన అడవిని తిరిగి పెంచితే?

పచ్చికబయలు: భేషుగ్గా పెంచండి. నేనడిగేది ఒకటే, నాటేముందు అది అసలు అడవో కాదో చూడమని.